రైల్లోంచి పడ్డారా, రైలు కింద పడ్డారా: చెన్నైలో రైలు ప్రమాద పరిహారం ఎలా అడగాలి

మా బాబాయి సూళ్లూరుపేట నుంచి రోజూ లోకల్‌లో వచ్చి షావుకారుపేటలో ఒక బట్టల కొట్లో లెక్కలు రాసేవాడు. ఒక సాయంత్రం తిరిగి వెళ్తుంటే బండి కిక్కిరిసి ఉంది, తలుపు దగ్గరే నిలబడ్డాడు. మధ్యలో ఒక స్టేషన్లో దిగేవాళ్లకి దారి ఇవ్వడానికని తనూ ప్లాట్‌ఫాం మీదకి దిగాడు. లోకల్లో రోజూ తిరిగేవాళ్లందరూ చేసే పనే ఇది. మళ్లీ ఎక్కబోయేసరికి బండి కదిలింది, కమ్మీ చేతికి దొరికినట్టే దొరికి జారిపోయింది. ఎడమకాలు రెండు చోట్ల విరిగింది.

పిన్ని ఏడుస్తూ ఆసుపత్రికి వచ్చింది. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు ఏం జరిగిందని అడిగితే "రైలు కింద పడ్డారు సార్" అంది. పక్కనున్న ఒకాయన దాన్ని "రయిల్ల అడిపట్టుటారు" అని తమిళంలో చెప్పాడు. డాక్టరు "పట్టాల దగ్గర రైలు ఢీకొంది" అని రాసేశాడు. పదకొండు రోజుల తర్వాత డిశ్చార్జి కాగితాలు తీసుకుంటున్నప్పుడు గానీ ఆ ముక్క మేం చూసుకోలేదు.

మీరే చెప్పండి, మన భాషలో "రైలు కింద పడ్డాడు" అంటే ఎవరైనా ఏమనుకుంటారు? రైల్వే వకీలు కూడా అదే అనుకుంటాడు, అనుకోవడమే అతని ఉద్యోగం. అందుకే ఇక్కడ సెక్షన్ల కంటే ముందు కాగితాల గురించి రాస్తున్నాను. నేను చూసినంతలో ఈ కేసులు వీటిని విచారించే రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ హాల్లో కన్నా మొదటి రెండు రోజుల్లో ఎవరో హడావిడిగా రాసిన రెండు మూడు కాగితాల మీదే ఎక్కువ తేలుతున్నాయి.

మీ కేసు ఏ రకం?

రైల్వే చట్టం 1989లో పరిహారానికి రెండు దారులున్నాయి. ఒకటి సెక్షన్ 124. రైళ్లు ఢీకొన్నా, పట్టాలు తప్పినా, ప్రయాణికులున్న బండికి అలాంటి ప్రమాదం జరిగినా ఇది వర్తిస్తుంది. 2023 జూన్ 2న బాలేశ్వర్ దగ్గర జరిగింది ఈ కోవలోకి వస్తుంది. షాలిమార్ నుంచి చెన్నై సెంట్రల్‌కి వస్తున్న కోరమాండల్, బెంగళూరు నుంచి హౌరా వెళ్తున్న ఎక్స్‌ప్రెస్ రెండూ ఆ ప్రమాదంలో చిక్కుకున్నాయి. 2024 అక్టోబర్ 11న మన గూడూరు లైన్లోనే కవరైపేట్టై దగ్గర బాగ్మతీ ఎక్స్‌ప్రెస్ ఆగి ఉన్న గూడ్సుని గుద్దింది కదా, అదీ ఇంతే. ఇలాంటి వాటిలో తప్పు ఎవరిదని మీరు నిరూపించక్కర్లేదు. ఆ బండిలో ఉన్నారని, దెబ్బ తగిలిందని చూపిస్తే చాలు.

రెండోది 124ఏ. దీన్ని 1994లో చేర్చారు. ప్రయాణికుల బండిలోంచి ప్రమాదవశాత్తు పడిపోవడం, బండిలోగానీ స్టేషన్ ఆవరణలోగానీ టెర్రరిస్టు దాడి, దోపిడీ, అల్లర్లు, కాల్పులు, నిప్పు పెట్టడం వంటివి దీని కిందకి వస్తాయి. మామూలు మనుషులకి ఎక్కువగా అవసరం పడేది ఇదే, గొడవలన్నీ ఉండేదీ దీని దగ్గరే. ఇక్కడ కూడా రైల్వే తప్పు ఉందా లేదా అన్నది లెక్కలోకి రాదు. కానీ ఆత్మహత్య, ఆత్మహత్యాయత్నం, కావాలని చేసుకున్న గాయం, సొంత నేరం, తాగి లేదా మతిస్థిమితం లేని స్థితిలో చేసిన పని, సహజ జబ్బు, వీటిలో ఏదైనా ఉంటే పైసా రాదు. ప్లాట్‌ఫాం టికెట్ ఉన్నవాళ్లని కూడా ఈ సెక్షన్ ప్రయాణికుడిగానే చూస్తుంది, చాలామందికి ఇది తెలియదు.

పట్టాలు దాటుతూ రైలు తగిలితే ఇందులోకి రాదు, పైగా అది సెక్షన్ 147 కింద నేరం. అందుకే "పట్టాల దగ్గర" అన్న మాట కాగితంలోకి వచ్చిందంటే అంత టెన్షన్. ఒకటి మాత్రం నిర్మొహమాటంగా చెప్తాను. నిజంగానే పట్టాలు దాటుతూ తగిలి ఉంటే, బండిలోంచి పడ్డట్టు కథ అల్లకండి. ఎవరినైనా గుద్దితే లోకో పైలట్ అప్పటికప్పుడు సమాచారం ఇస్తాడు, అది టైముతో సహా రికార్డవుతుంది, స్టేషన్లలో కెమెరాలున్నాయి. అబద్ధం నిలబడదు సరికదా పక్కన ఉన్న నిజమైన కేసుల మీద కూడా అనుమానం పెరుగుతుంది.

ఇంకోటి, మెట్రోలో జరిగితే ఈ ట్రిబ్యునల్ కాదు. మెట్రో రైళ్లకి 2002 నాటి వేరే చట్టం ఉంది, దాని కింద క్లెయిమ్స్ కమిషనర్ దగ్గరికి వెళ్లాలి.

మొదటి రోజు చేయాల్సినవి

ముందు మనిషి ప్రాణం, అది చెప్పక్కర్లేదు. రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయండి, దగ్గర్లోని స్టేషన్ మాస్టర్‌కి చెప్పండి. ఆయన రైల్వే పోలీసులకి, ఆసుపత్రికి మెమో రాస్తాడు. ఏ బండి, ఎన్ని గంటలకి, ఏ ప్లాట్‌ఫాం, మనిషి ఎక్కుతూ పడ్డాడా దిగుతూ పడ్డాడా అన్నది ఆ మెమోలో ఉంటుంది. బాబాయి కేసులో చివరికి మమ్మల్ని గట్టెక్కించింది ఈ చిన్న చీటీనే. అందులో స్టేషన్ మాస్టర్ "కదిలిన బండి ఎక్కుతూ జారి పడ్డాడు" అని స్పష్టంగా రాశాడు. ఆ మనిషెవరో గానీ, చేతికి దండం పెట్టాలి.

ఆసుపత్రిలో ఎవరో ఒకరు ఏడవకుండా నిలబడగలిగినవాళ్లు మాట్లాడండి. తమిళనాడులో ప్రభుత్వాసుపత్రుల్లో ఇలాంటి కేసులకి యాక్సిడెంట్ రిజిస్టర్ రాస్తారు, అందరూ ఏఆర్ కాపీ అంటారు. డాక్టరు అడిగినప్పుడు "నడుస్తున్న రైల్లోంచి జారి కింద పడ్డారు" లేదా "రైలు ఎక్కుతూ జారి పడ్డారు" అని, జరిగింది జరిగినట్టు, పూర్తి వాక్యంలో చెప్పండి. మీకు తమిళం రాకపోతే ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాసి చూపించండి, పక్కవాళ్ల అనువాదం మీద వదిలేయకండి. రాసింది ఒకసారి చదివి వినిపించమని అడగండి. విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

తప్పు రాసేశారని తర్వాత తెలిస్తే? కొట్టివేసి మార్చమని గొడవపడకండి, ఎవరూ మార్చరు, మార్చినా అనుమానంగానే కనిపిస్తుంది. మేం చేసిందేమిటంటే, ఆసుపత్రి సూపరింటెండెంట్‌కి ఒక అర్జీ, రైల్వే పోలీసులకి దాని కాపీ ఇచ్చాం. "మా పిన్నికి తమిళం రాదు, ఆమె మాటని వేరే మనిషి తప్పుగా చెప్పాడు, జరిగింది ఇది" అని రాసి, రెండు చోట్లా ముద్ర వేయించుకున్నాం. దాని వల్ల పాత కాగితం మారలేదు గానీ, మొదటి నెలలోనే మేం అభ్యంతరం చెప్పామన్నదానికి రుజువు దొరికింది.

ఇక పోలీసులు. రైలు, స్టేషన్ పరిధిలో కేసు రాసేది రాష్ట్ర ప్రభుత్వ రైల్వే పోలీసులు, అంటే జీఆర్‌పీ. ఖాకీలోనే కనిపించే ఆర్పీఎఫ్, అంటే రైల్వే రక్షణ దళం వేరు, వాళ్లు రైల్వేవాళ్లు. 124ఏ కేసుల్లో ఆర్పీఎఫ్ కూడా విచారణ చేసి డివిజనల్ రైల్వే మేనేజర్‌కి రిపోర్టు ఇస్తుంది, ట్రిబ్యునల్లో రైల్వే దాన్నే పట్టుకుని వాదిస్తుంది. కాబట్టి వాళ్లు వాంగ్మూలం కోసం వస్తే తేలిగ్గా తీసుకోకండి. చదవకుండా సంతకం పెట్టకండి. తమిళంలో ఉంటే చదివి చెప్పగలిగే మనిషిని పక్కన పెట్టుకోండి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదు ఇచ్చినవాళ్లకి ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. సంఘటన తడ దగ్గర జరిగిందా గుమ్మిడిపూండి దగ్గర జరిగిందా అన్నదాన్ని బట్టి ఆంధ్ర జీఆర్‌పీనా తమిళనాడు జీఆర్‌పీనా అన్నది మారుతుంది. మా పరిధి కాదని తిప్పి పంపిస్తే, జీరో ఎఫ్‌ఐఆర్ రాయమని గుర్తు చేయండి. ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాల్సిందే.

టికెట్ పోతే కేసు పోయినట్టు కాదు

బాబాయి సీజన్ టికెట్ చొక్కా జేబులో ఉండేది. క్యాజువాలిటీలో చొక్కా కత్తిరించి తీసేశారు, అది ఏ బుట్టలోకి వెళ్లిందో ఎవరికీ తెలియదు. టికెట్ లేనివాడు ప్రయాణికుడే కాదు అన్నది రైల్వే వాళ్ల మొదటి మాట, ప్రతి కేసులోనూ.

దీనికి 2018 మే 9న సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు పెద్ద ఊరట. టికెట్ దొరకనంత మాత్రాన క్లెయిమ్ కొట్టేయకూడదని అందులో చెప్పారు. ముందు మనం అఫిడవిట్ వేసి, సంబంధించిన సంగతులు చూపిస్తే, అతను ప్రయాణికుడు కాదని చూపించాల్సిన బరువు రైల్వే మీదకి వెళ్తుంది. ఎక్కుతూనో దిగుతూనో పడితే అది కావాలని చేసుకున్న గాయం కిందకి రాదని కూడా అదే తీర్పులో తేల్చారు. తలుపు దగ్గర నిలబడటం అజాగ్రత్త అవుతుందేమో గానీ అంతమాత్రాన పరిహారం పోదని అంతకుముందు 2010లోనే సుప్రీం కోర్టు చెప్పింది. మీరు మాట్లాడిన వకీలుకి ఈ రెండు తీర్పులు తెలియకపోతే ఇంకో వకీలుని చూసుకోండి.

ఆ సంగతులు ఏమిటంటే, మా పిన్ని పాత సీజన్ టికెట్లని బియ్యం డబ్బా మూతలో దాచేది, ఎందుకు దాచేదో ఆవిడకే తెలియదు. ఏడు నెలలవి దొరికాయి. కొట్టు యజమాని హాజరు పుస్తకం జిరాక్సు ఇచ్చాడు. రోజూ అదే బండిలో వెళ్లే ఇద్దరు తోటి ప్రయాణికులు చూసింది చూసినట్టు అఫిడవిట్ ఇచ్చారు. మీ దగ్గర ఫోన్లో తీసుకున్న టికెట్ ఉంటే యాప్‌లో బుకింగ్ చరిత్రకి స్క్రీన్‌షాట్ తీయండి. యూపీఐ చెల్లింపు మెసేజ్, పీఎన్‌ఆర్ మెసేజ్ కూడా పనికొస్తాయి. కౌంటర్లో తీసుకున్న కాగితం టికెట్ అయితే అదే రోజు ఫోటో తీసి జిరాక్సు చేయించండి, కేసు విచారణకి వచ్చే లోపు అక్షరాలు వెలిసిపోవచ్చు. పోలీసులు టికెట్ తీసుకుంటే అది మహజరులో, అంటే వాళ్లు స్వాధీనం చేసుకున్న వస్తువుల కాగితంలో, రాశారో లేదో చూడండి. మనిషి చనిపోయిన కేసుల్లో శవ పంచనామాలో జేబులో ఏం దొరికిందో రాస్తారు, ఆ కాపీ తప్పకుండా సంపాదించాలి.

ఎంత వస్తుంది, ఇంకా ఎక్కడెక్కడ వస్తుంది

రోడ్డు ప్రమాదాల్లో లాగా జీతం, వయసు లెక్కలు ఇక్కడ ఉండవు. ప్రభుత్వం పెట్టిన పట్టిక ప్రకారమే ఇస్తారు. 2017 జనవరి 1 నుంచి ప్రాణం పోతే 8 లక్షలు, అంతకుముందు 4 లక్షలు ఉండేది. రెండు చేతులు పోయినా, చూపు పూర్తిగా పోయినా అదే 8 లక్షలు. మిగతా గాయాలకి ఏ అవయవం, ఏ ఎముక అన్నదాన్ని బట్టి తగ్గుతూ వస్తుంది. పట్టికలో లేని గాయమైతే ట్రిబ్యునల్ న్యాయమనుకున్న మొత్తం నిర్ణయిస్తుంది. నెలకి లక్ష సంపాదించే ఐటీ ఉద్యోగికీ, మా బాబాయికీ ఒకే విరుపుకి ఒకే మొత్తం. ఇది న్యాయమా అంటే నాకు సందేహమే, కానీ దీని వల్ల జీతం కాగితాల వేట తప్పుతుంది.

పెద్ద ప్రమాదం జరిగినప్పుడు అక్కడికక్కడే ఇచ్చే ఎక్స్‌గ్రేషియా వేరు. 2023 సెప్టెంబర్‌లో పెంచిన ప్రకారం రైలు ప్రమాదంలో మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, చిన్న గాయానికి 50,000. అది తీసుకుంటే క్లెయిమ్ హక్కు పోతుందని కొందరు భయపెడతారు. పోదు, తీసుకోండి. బండిలోంచి జారిపడిన కేసుల్లో మాత్రం దీని మీద ఆశ పెట్టుకుని కూర్చోకండి.

ఐఆర్‌సీటీసీలో టికెట్ బుక్ చేసేటప్పుడు ఇన్సూరెన్స్ కావాలా అని అడుగుతుంది చూడండి, అర్ధ రూపాయి కూడా ఉండదు, 45 పైసలు. దానికి మరణం లేదా శాశ్వత పూర్తి వైకల్యానికి 10 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి ఏడున్నర లక్షలు, ఆసుపత్రి ఖర్చుకి 2 లక్షల దాకా కవర్ ఉంది. రైల్వే పరిహారం వచ్చినా ఇన్సూరెన్స్ డబ్బు విడిగా వస్తుంది, చట్టమే ఆ హక్కుని కాపాడింది. మెయిల్లో వచ్చే లింకులో నామినీ పేరు ఎవరూ నింపరు. ఇది చదివాక మీ పాత మెయిల్స్ చూడండి, అందులో అమ్మకో ఆవిడకో తెలియకుండా ఎన్ని పాలసీలు ఉన్నాయో. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీకి వెంటనే తెలియజేయండి, ట్రిబ్యునల్ తేలేదాకా ఆగకండి.

దరఖాస్తు ఎక్కడ, ఎలా

రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో. చెన్నైలో బెంచి ఉంది, బెంగళూరులో ఉంది, సికింద్రాబాద్‌లో ఉంది. టికెట్ కొన్న చోటు, ప్రమాదం జరిగిన చోటు, వెళ్లాల్సిన స్టేషన్, మీరు నివసించే ఊరు, వీటిలో ఏది ఏ బెంచి పరిధిలోకి వస్తే అక్కడ వేయొచ్చు. కాబట్టి చెన్నైలో ఉంటూ విజయవాడ దగ్గర ప్రమాదానికి గురైనవాళ్లు అటు తిరగక్కర్లేదు, ఇక్కడే వేయొచ్చు.

గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఒక ఏడాది. దాటిపోతే సరైన కారణం చూపి ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు, చట్టంలో ఆ వీలుంది, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. చావు జరిగిన ఇంట్లో ఏడాది ఎలా గడిచిపోతుందో తెలియదు, సంవత్సరీకం అయ్యాక చూద్దాంలే అంటే అప్పటికే గడువు ముగిసిపోతుంది.

ఫారం-2 నింపి, కాగితాలు జతచేసి మూడు సెట్లు ఇవ్వాలి. గాయం, మరణం కేసులకి ట్రిబ్యునల్ ఫీజు లేదు. పని అంతా ఇంగ్లీషులో నడుస్తుంది, తమిళం, తెలుగు కాగితాలకి ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. గాయమైతే ఏఆర్ కాపీ, డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, మెడికల్ బోర్డు ఇచ్చిన వైకల్య ధ్రువపత్రం. మరణమైతే ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్టు, పోలీసుల తుది నివేదిక, మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం. చివరిది తమిళనాడులో తహసీల్దారు ఇచ్చే వారిసు సర్టిఫికెట్, ఆంధ్రలో అయితే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. మనిషి ఇక్కడ, కార్డు అక్కడ అయితే ఈ ఒక్క కాగితానికే నెలలు తిరగాల్సి వస్తుంది, అన్నిటికన్నా ముందు దీనికి పెట్టండి. భార్య, భర్త, కొడుకు, కూతురు అడగొచ్చు, చనిపోయినవాళ్లు పెళ్లికానివాళ్లో మైనరో అయితే తల్లిదండ్రులు. పెళ్లయిన కొడుకు మీద ఆధారపడ్డ తల్లిదండ్రులకీ హక్కుంది.

వకీలు లేకుండా కూడా వేయొచ్చు గానీ 124ఏ కేసుకి పెట్టుకోవడమే మంచిది. రైల్వే వకీలు క్రాస్ ఎగ్జామినేషన్ చేసేటప్పుడు ఏ బోగీ, ఏ వైపు తలుపు, బండి కదిలాక ఎక్కావా ముందే ఎక్కావా అని అటు తిప్పి ఇటు తిప్పి అడుగుతాడు. బాబాయి ఒక ప్రశ్నకి కంగారుపడి "తెలియదు సార్" అన్నాడు, అదే మంచిదైంది, ఊహించి చెప్పి ఉంటే మెమోతో తేడా వచ్చేది. ఆసుపత్రి వార్డు దగ్గరికే వచ్చి వాలే దళారుల దగ్గర సంతకాలు పెట్టకండి. వచ్చినదాంట్లో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం వకీళ్లు చేయకూడని పని. ఫీజు ఇంత అని ముందే తేల్చుకోండి. డబ్బు లేకపోతే 15100కి ఫోన్ చేసి ఉచిత న్యాయ సహాయం అడగండి, ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో సంబంధం లేకుండా ఆ హక్కు ఉంది.

గెలిచాక డబ్బు నేరుగా మీ పేరున ఉన్న బ్యాంకు ఖాతాలోకే వస్తుంది, కొంత భాగం ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా పెట్టమని ట్రిబ్యునల్ చెప్పొచ్చు. పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు ఎవరి చేతికీ ఇవ్వకండి, ఎంత నమ్మకస్తులైనా సరే. ఓడిపోతే 90 రోజుల్లో హైకోర్టుకి అప్పీలు వేసుకోవచ్చు, చెన్నై బెంచి ఆర్డరు మీద అయితే మద్రాసు హైకోర్టుకి. ఆర్డరు వచ్చిన రోజే సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టండి, అది చేతికి రావడానికే కొన్ని వారాలు పడుతుంది.